సైకిలు రానివాళ్ళని లెక్కలోకి తేవడం ఎలా: నెదర్లాండ్స్‌లో రవాణా మీద థీసిస్ చేయబోయేవాళ్ళకు

ఏటా సెప్టెంబరులో ఇక్కడ నెదర్లాండ్స్‌లో, డెల్ఫ్ట్ యూనివర్సిటీలో మనవాళ్ళ కొత్త బ్యాచ్ దిగుతుంది. వాళ్ళు రెండో సంవత్సరంలో పడగానే నాకు మెసేజ్‌లు మొదలవుతాయి. "అక్కా, థీసిస్ టాపిక్ అనుకున్నాను. స్మార్ట్ సిటీల్లో సస్టైనబుల్ అర్బన్ మొబిలిటీ. ఎలా ఉంది?" అది టాపిక్ కాదు తమ్ముడూ, సదస్సు జరిగే హాలు బయట కట్టే బ్యానరు. మాది కాకినాడ. 2016 జనవరిలో కేంద్రం ప్రకటించిన మొదటి 20 స్మార్ట్ సిటీల్లో విశాఖతో పాటు మా ఊరూ ఉంది, కాబట్టి అలాంటి బ్యానర్లు నాకు బాగా అలవాటే. ఆ మాట కింద సీసీ కెమెరా దగ్గర్నుంచి పార్కులో బెంచీ దాకా ఏదైనా పట్టేస్తుంది. థీసిస్‌కి కావాల్సింది ఆర్నెల్లలో ఒక్క మనిషి కొలవగలిగిన ప్రశ్న.

నేను ఇక్కడే రవాణా చదువుకుని, ఇక్కడే అదే పనిలో ఉన్నాను. అందుకని నాకు తెలిసిన ఫైళ్ళు, స్టేషన్లు, రూల్సు ఈ దేశానివి. జర్మనీలోనో సింగపూర్‌లోనో ఉన్నవాళ్ళు పద్ధతి తీసుకోండి, పేర్లు మార్చుకోండి.

ప్రశ్న ఎక్కడ దొరుకుతుంది

ఈ దేశంలో లెక్కపెట్టనిదంటూ లేదు. రోడ్డు కింద తీగలు కార్లని లెక్కపెడతాయి, కార్డు గీసి ఎక్కి మళ్ళీ గీసి దిగుతారు కాబట్టి రైళ్ళూ బస్సుల లెక్క కంపెనీల దగ్గర ఉంటుంది. ఉట్రెక్ట్ సెంట్రల్ స్టేషన్ కింద ఉన్న సైకిల్ స్టాండు చూడకపోతే ఒక శనివారం వెళ్ళి చూసి రండి. 2019 ఆగస్టులో పూర్తిగా తెరిచారు. మూడు అంతస్తులు, 12,500 సైకిళ్ళు. సైకిలు దిగకుండా తొక్కుకుంటూనే లోపలికి వెళ్ళిపోవచ్చు. ఏ వరసలో ఎన్ని ఖాళీలున్నాయో బోర్డుల మీద అంకెలు వెలుగుతుంటాయి. మొదటి 24 గంటలు డబ్బు కట్టక్కర్లేదు. అది చూసిన ప్రతివాళ్ళకీ దాని మీదే థీసిస్ రాయాలనిపిస్తుంది. రాయకండి. మీకంటే ముందు చాలామంది రాసేశారు, పైగా అంత బాగా నడిచే చోట మీరు కొత్తగా చెప్పడానికి పెద్దగా మిగలదు.

దానికి బదులు ఏదైనా మధ్యతరహా ఊరి స్టేషనుకి మంగళవారం పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో వెళ్ళి స్టాండు గుమ్మం దగ్గర నిలబడండి. నా థీసిస్ అలాంటి చోటే జరిగింది. ఊరి పేరు ఇక్కడ అనవసరం. బోర్డు మీద ఖాళీలున్నాయని పచ్చగా అంకె కనిపిస్తుంటుంది. లోపలికి వెళ్తే కింది అరలన్నీ నిండిపోయి ఉంటాయి, ఖాళీలన్నీ పై అరల్లోనే. పై అరలో సైకిలు పెట్టాలంటే ముందు ఇనుప పట్టీని బయటికి లాగాలి, అది ఏటవాలుగా కిందికి దిగుతుంది, ముందు చక్రం ఎత్తి దాని గాడిలో పెట్టాలి, తరవాత వెనకనుంచి మొత్తాన్నీ పైకి తోయాలి. స్ప్రింగు సాయం చేస్తుంది, నిజమే. కానీ బ్యాటరీ సైకిలు పాతిక కిలోల దాకా తూగుతుంది. ముందు పళ్ళబుట్టలాంటి పెట్టె బిగించుకున్న సైకిలైతే ఆ గాడిలో సరిగ్గా కూర్చోనే కూర్చోదు. అరవై దాటిన ఒకావిడ పట్టీని సగం లాగి, అటూ ఇటూ చూసి, వదిలేసి బయటికి వెళ్ళిపోతుంది. స్టేషను ముందు కంచెకి సైకిలు తాళం వేసి రైలెక్కుతుంది. ఇప్పుడు సెన్సరు లెక్కలో స్టాండు నిండలేదు. మున్సిపాలిటీ లెక్కలో ఆవిడది అక్రమ పార్కింగు.

ఈ రెండు లెక్కల మధ్య ఉన్నదే మీ ప్రశ్న. ఖాళీ ఉందని బోర్డు చెబుతున్నా వెనక్కి తిరిగేవాళ్ళు ఎంతమంది, వాళ్ళ సైకిలు ఎలాంటిది? ఈ దేశంలో రైలెక్కేవాళ్ళలో నూటికి నలభైమందికి పైగా స్టేషనుకి సైకిలు మీదే వస్తారు కాబట్టి ఇది చిన్న విషయమేమీ కాదు. పైగా ఇందులో సగం పని చూసి రాసుకోవడమే, డచ్ అంతగా రాకపోయినా నడిచిపోతుంది.

ఇంకో ఉదాహరణ, కొంచెం మనకి దగ్గరది. ఆమ్‌స్టర్‌డ్యామ్ పక్కనున్న ఆమ్స్టల్‌వేన్‌లో భారతీయులు బాగా ఎక్కువ. కూతురి పురుడుకనో మనవడి కోసమనో విజయవాడ నుంచీ వరంగల్ నుంచీ అమ్మలు మూడు నెలల వీసా మీద వస్తారు. వాళ్ళలో చాలామందికి సైకిలు రాదు. ఇంట్లో అందరూ సైకిళ్ళ మీద వెళ్ళిపోయాక ఆవిడ ఎక్కడిదాకా వెళ్ళగలదు? 2020 డిసెంబరు నుంచి 25వ నంబరు ట్రాము ఆమ్‌స్టర్‌డ్యామ్ జాయిడ్ స్టేషనుకి తిరుగుతోంది, 2024 జులైలో అటువైపు ఆయిత్‌హోర్న్ దాకా పొడిగించారు. ఆ ట్రాము దారిలో ఉన్నవన్నీ ఆవిడకి అందుబాటులోనే ఉంటాయి. దారికి అడ్డంగా రెండు కిలోమీటర్లలో ఉన్న కూరగాయల కొట్టు మాత్రం ఉండకపోవచ్చు. సైకిలు మీద పదిహేను నిమిషాల్లో చేరే చోట్లెన్ని, నడకా ట్రామూ కలిపి పదిహేను నిమిషాల్లో చేరేవెన్ని? ఈ లెక్క బల్ల దగ్గర కూర్చునే తేల్చవచ్చు. దేశం చేసే ప్రయాణాల సర్వే ఇక్కడ నివాసం ఉన్నవాళ్ళదే కాబట్టి ఆవిడ ఆ సర్వేలో ఎక్కడా ఉండదు.

ఏ డేటా చేతికొచ్చినా మొదట అడగాల్సింది ఇదే: ఇందులో ఎవరు లేరు? నేను చూసిన మంచి థీసిస్‌లన్నీ అక్కడే మొదలయ్యాయి.

డేటా, దానిలో పళ్ళకింద రాళ్ళు

జాతీయ ప్రయాణాల సర్వే పేరు ఓడిన్. గణాంకాల సంస్థ సీబీఎస్ 2018 నుంచి చేస్తోంది. ఒక్కో మనిషి ఒక్క రోజు ఎక్కడెక్కడికి ఎలా వెళ్ళాడో అందులో ఉంటుంది. డాన్స్ అనే ఆర్కైవ్‌లో దరఖాస్తు పెట్టుకుని తీసుకోవాలి, గైడుని ముందు పెట్టుకుంటే పని సులువవుతుంది. అంతకుముందు 2010 నుంచి 2017 దాకా నడిచిన సర్వే వేరు. పద్ధతి మారింది కాబట్టి 2017నీ 2018నీ ఒకే గీత మీద పెట్టి "ప్రయాణాలు తగ్గాయి" అని రాస్తే డిఫెన్సులో (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో) మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. ఓడిన్‌లో ఆరేళ్ళలోపు పిల్లలు లేరన్నది కూడా గుర్తుపెట్టుకోండి. అమ్మ సైకిలు వెనక సీట్లో బడికెళ్ళే నాలుగేళ్ళ వాడు ఈ దేశపు లెక్కల్లో ప్రయాణికుడు కాదు.

బస్సులు, ట్రాములు, రైళ్ళ టైంటేబుల్ దేశం మొత్తానికీ జీటీఎఫ్ఎస్ అనే ప్రామాణిక ఫార్మాట్‌లో ఒకే ఫైలుగా ఉచితంగా దొరుకుతుంది. జిప్ విప్పితే కొన్ని టెక్స్టు ఫైళ్ళు. వాటిలో ఏ బండి ఏ స్టాపుకి ఎన్నింటికి వస్తుందో చెప్పే స్టాప్‌టైమ్స్ అనేది పెద్ద కొండ. దాన్ని ఎక్సెల్‌లో తెరవకండి. ఎక్సెల్ షీటులో 10,48,576 వరసలకి మించి పట్టవు, మిగిలినవి కోసేస్తుంది. ఒక హెచ్చరిక వస్తుంది కానీ దాన్ని చదవకుండా నొక్కేసేవాళ్ళే ఎక్కువ. ఆర్ గానీ పైథాన్ గానీ ఏదో ఒక ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోక తప్పదు. ఇంకో రెండు చిక్కులు. అర్ధరాత్రి దాటాక నడిచే బస్సు టైము అందులో 25:10:00 అని ఉంటుంది. తప్పు కాదు, అది ముందురోజు సర్వీసుకి కొనసాగింపు. అలాగే ఏ ట్రిప్పు ఏ తేదీన నడుస్తుందో చెప్పే క్యాలెండర్ ఫైలుతో కలపకుండా లెక్కేస్తే ఆదివారం బస్సులూ సోమవారం బస్సులూ ఒకే రోజు తిరుగుతున్నట్టు వస్తుంది. ఊరికి అద్భుతమైన బస్సు సౌకర్యం ఉందని రాసేస్తారు.

జనాభాకి సీబీఎస్ వంద మీటర్ల గళ్ళ మ్యాపు వాడండి. ఎవరు ఎక్కడ ఉంటున్నారో వీధి స్థాయిలో తెలుస్తుంది. మనుషులు బాగా తక్కువున్న గళ్ళలో గోప్యత కోసం అసలు అంకె ఇవ్వరు, దాని స్థానంలో -99997 లాంటి సంకేతం పెడతారు. దాన్ని తీసెయ్యకుండా కూడితే ఊరి జనాభా సున్నా కిందికి పోతుంది. అలా పోతే అదృష్టమే, తప్పు కళ్ళకి కనిపిస్తుంది. సగటు తీసినప్పుడు కనిపించకుండా కలిసిపోవడమే ప్రమాదం.

ఒక చోటినుంచి ఇంకో చోటికి పట్టే సమయం లెక్కకట్టడానికి ఆర్ భాషలో ఆర్5ఆర్ అనే ప్యాకేజీ ఉంది. బ్రెజిల్ ప్రభుత్వ పరిశోధన సంస్థ ఇపేయా వాళ్ళు తయారుచేసింది, ఉచితం. టైంటేబుల్ ఫైలూ, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత రోడ్ల మ్యాపూ ఇస్తే మిగతాది అదే చూసుకుంటుంది. పెట్టే తిప్పలన్నీ జావా వర్షన్ దగ్గరే. ఒక్క విషయంలో మాత్రం పట్టుదలగా ఉండండి: "పొద్దున 8:00కి బయల్దేరితే" అని ఒకే ఒక్క టైముకి లెక్క వెయ్యొద్దు. గంటకి రెండే బస్సులున్న చోట 8:00కి బయల్దేరిన మనిషికి ఇరవై నిమిషాలు పడితే, 8:04కి బయల్దేరిన మనిషికి బస్సు తప్పిపోయి నలభై ఆరు పడుతుంది. 8 నుంచి 9 దాకా నిమిషానికొకసారి లెక్కవేసి మధ్యస్థం (మీడియన్) తీసుకోండి, దానితో పాటు ఎంత అటూఇటూ అవుతోందో కూడా చూపించండి. సైకిలు ఉన్నవాళ్ళకి ఈ ఊగిసలాట ఉండదు. సైకిలు రానివాళ్ళ జీవితమంతా ఇందులోనే ఉంటుంది. ఆ ఒక్క బొమ్మ మీ థీసిస్‌లో అన్నింటికన్నా బలమైన పేజీ అవుతుంది.

అనుమతులు

మనుషుల్ని ఏదైనా అడగాలన్నా, నిలబడి గమనించాలన్నా ముందే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. డెల్ఫ్ట్‌లో దాన్ని హెచ్‌రెక్ అంటాం. ఒక చెక్‌లిస్టు, ఒక అంగీకార పత్రం, డేటాని ఎక్కడ దాస్తారో ఎప్పుడు తీసేస్తారో చెప్పే ప్లాను. పని అయ్యాక అనుమతి అడిగితే ఇవ్వరు, కాబట్టి ప్రశ్న ఖాయమైన వారంలోనే పెట్టేయండి.

2018 మే 25 నుంచి యూరోపియన్ యూనియన్ అంతా జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అమల్లో ఉంది. మీకు అది తగిలేది పిన్‌కోడ్ దగ్గర. ఇక్కడ పిన్‌కోడ్ నాలుగు అంకెలు, రెండు అక్షరాలు. మొత్తం ఆరూ అడిగారంటే మామూలుగా ఒక వీధిలో ఒక పక్కనున్న కొద్ది ఇళ్ళు తేలిపోతాయి. దానికి వయసూ వృత్తీ జోడిస్తే ఆ మనిషెవరో పక్కింటివాళ్ళు చెప్పేస్తారు. నాలుగు అంకెలు మాత్రమే అడగండి. ఆన్‌లైన్ సర్వే అయితే ఐపీ అడ్రసు దాచుకునే ఆప్షన్ ఆపేయండి. ఫోటోలు తియ్యాల్సొస్తే జనం లేని వేళ, ఉత్త స్టాండువి తీసుకోండి.

స్టాండు మేనేజరుకి గైడు సంతకంతో ఒక ఉత్తరం చూపించి ముందే చెప్పి ఉంచండి. జాకెట్ వేసుకుని, ప్యాడ్ పట్టుకుని, గంటల తరబడి వేరేవాళ్ళ సైకిళ్ళ వైపు చూస్తూ నిలబడే మనిషిని ఏ దేశంలోనైనా దొంగనే అనుకుంటారు.

ఫీల్డులో

రోజు ఎంపికతోనే సగం ఫలితం తేలిపోతుంది. కోవిడ్ తరవాత ఇక్కడ రైళ్ళు బాగా నిండేది మంగళవారం, గురువారం. శుక్రవారం ఆఫీసులు పల్చబడతాయి. బుధవారం చాలా ప్రాథమిక బడులు మధ్యాహ్నానికే వదిలేస్తారు, సాయంత్రం లెక్క మారిపోతుంది. కొన్ని బడి సెలవులు దేశం మొత్తానికీ ఒకేసారి రావు. ఉత్తరం, మధ్య, దక్షిణం అని మూడు భాగాలు చేసి వేర్వేరు వారాల్లో ఇస్తారు. మీ ఊరు ఏ భాగంలో ఉందో చూసుకోండి. డెల్ఫ్ట్‌లో సెలవుల్లేవు కదా అని వేరే భాగంలోని ఊరికి వెళ్తే ఖాళీ స్టాండుని లెక్కపెట్టి రావాల్సొస్తుంది.

డబ్బు సంగతి. రైల్వే రాయితీ కార్డుతో 40 శాతం తగ్గేది రద్దీ లేని వేళల్లోనే. పనిరోజుల్లో పొద్దున 6:30 నుంచి 9 దాకా, సాయంత్రం 4 నుంచి 6:30 దాకా పూర్తి ధర. మీకు పనుండేదేమో సరిగ్గా ఆ వేళల్లోనే. డచ్ విద్యార్థులకిచ్చే ఉచిత ప్రయాణ కార్డు మనలాంటివాళ్ళకి మామూలుగా రాదు. అందుకని సైకిలు మీద వెళ్ళగలిగిన స్టేషనుని ఎంచుకోండి. ఇది పరిశోధన పద్ధతుల పుస్తకాల్లో ఉండదు గానీ, రెండో వారంలో మీ ఓపికని కాపాడేది ఇదే.

కాగితం మీద పావుగంటకొక వరస. నిలువు గళ్ళు: కింది అర, పై అర, ప్రయత్నించి వెళ్ళిపోయారు, చూసి వెళ్ళిపోయారు. పక్కన సైకిలు రకానికి ఒక్కో అక్షరం: మామూలుది, బ్యాటరీది, ముందు పెట్టె ఉన్నది, పిల్లల సీటున్నది, లావు టైర్ల ఫ్యాట్‌బైక్. మనిషి వయసు ఊహించి రాయకండి. టోపీకీ మఫ్లరుకీ మధ్య కనిపించే ముఖాన్నిబట్టి వయసు చెప్పడం ఎవరివల్లా కాదు, పరీక్షకులు దాన్నే పట్టుకుంటారు. కంటికి కనిపించిన చర్య మాత్రమే రాయండి: పట్టీ లాగారా, లాగి వదిలేశారా. ఒక అరగంట మీ స్నేహితుణ్ణి కూడా తీసుకెళ్ళి, ఇద్దరూ విడివిడిగా రాసి, తరవాత సరిపోల్చండి. తేడాలెక్కువుంటే మీ గళ్ళ నిర్వచనం సరిగా లేదన్నమాట.

పెన్సిల్ వాడండి, తడిసిన కాగితం మీద పెన్ను రాయదు. డిసెంబరులో సూర్యుడు ఎనిమిదీ ముప్పావుకి గానీ రాడు, ఏడున్నరకి నిలబడితే చీకట్లోనే. బౌయెన్‌రాడార్ యాప్‌లో వాన చూసుకోండి, కానీ వాన రోజుల్ని వదిలెయ్యకండి. వానలో సైకిలు వదిలి బస్సెక్కేవాళ్ళుంటారు, ఆ రోజు స్టాండు కథే వేరు.

మాట్లాడించడం

నడుస్తున్న మనిషిని ఆపి ప్రశ్నలడిగితే ఇక్కడ "నే" (డచ్‌లో వద్దు అని) అనేసి తలతిప్పకుండా వెళ్ళిపోతారు. కోపం కాదు, అదే వాళ్ళ పద్ధతి, మనసుకి తీసుకోవద్దు. ప్లాట్‌ఫారం మీద రైలు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళని అడగండి. "మాఖ్ ఇక్ ఉ ఈత్స్ ఫ్రాఖెన్?" (మిమ్మల్ని ఒకటి అడగొచ్చా?) అని మొదలుపెడితే చాలు, మీ యాస విని వాళ్ళే ఇంగ్లీషులోకి మారతారు. పెద్దవాళ్ళు మాత్రం మారకపోవచ్చు, మీ ప్రశ్నకి అసలు కావలసింది వాళ్ళే. కాబట్టి ప్రశ్నపత్రం డచ్‌లో ఒకటి ముద్రించి పెట్టుకోండి, క్లాసులో డచ్ స్నేహితులెవరైనా ఒకసారి చదివితే సరి. ఆరు ప్రశ్నలకి మించొద్దు. మధ్యలో రైలొచ్చేస్తుంది.

సర్వే లింకుని తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పడెయ్యడం గురించి. సాయంత్రానికి వంద జవాబులొస్తాయి, అన్నీ ఇరవై అయిదేళ్ళ ఇంజనీర్లవి. ఆ వందతో ఈ ఊరి గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేరు. అమ్మల గురించి చేస్తున్నట్టయితే గ్రూపు పనికొస్తుంది, కానీ కొడుకులూ కోడళ్ళూ అమ్మ తరఫున నింపకుండా చూసుకోవాలి. "మా అత్తగారు ఎక్కడికైనా వెళ్ళగలరండీ" అని కోడలు అంటుంది. అత్తగారిని విడిగా, తెలుగులో, టీ తాగుతూ అడిగితే ట్రాములో కార్డు ఎక్కడ గీయాలో తెలియక నెల రోజులుగా గుమ్మం దాటలేదని చెబుతుంది. డచ్ పరిశోధకులెవరికీ దొరకని జవాబు ఇది, మీకు దొరుకుతుంది.

మన ఊరి మీద చేద్దామనుకుంటే

చేయొచ్చు, కానీ "డెల్ఫ్ట్, హైదరాబాద్: ఒక పోలిక" మాత్రం వద్దు. ఆ రెండింటినీ ఒకే పట్టికలో పెడితే ఏ వరసా దేనికీ జవాబు చెప్పదు. ఒక్క ఊరే తీసుకోండి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీలో ఉచిత ప్రయాణం ఉంది, ఆంధ్రలో స్త్రీశక్తి పేరుతో 2025 ఆగస్టు 15న మొదలైంది. జీరో టికెట్టు కొడతారు కాబట్టి డబ్బు కట్టని ప్రయాణం కూడా నమోదవుతుంది. పరిశోధకులకి అది నిధి. అడిగి తెచ్చుకోవడానికి నెలలు పడుతుంది, కాబట్టి థీసిస్ మొదలవ్వకముందే సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తు పెట్టండి. చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబివ్వాలి. "డేటా అంతా ఇవ్వండి" అని రాస్తే పని జరగదు. ఏ డిపో, ఏ నెల, ఏ రూటు, ఎన్ని జీరో టికెట్లు అని విడివిడిగా అడగండి. అది వచ్చేదాకా ఇక్కడి పని ఆపుకోకండి.

అప్పగించేటప్పుడు

నలభైమంది జవాబులే ఉన్నప్పుడు గణాంక మోడళ్ళ జోలికి పోకుండా పట్టికతో ఆపండి. గైడుని పేరుపెట్టి పిలవడం మొదటి నెల నోటికి రాదు, సార్ అనేస్తాం, తరవాత అలవాటవుతుంది. ఆయనకి వారానికొక చిన్న మెయిల్ పంపండి: చేసిందేమిటి, ఆగిందెక్కడ, కావలసిందేమిటి. జవాబు రాకపోతే ఊరుకోకండి, మళ్ళీ రాయండి. ఇక్కడ దాన్ని ఎవరూ అమర్యాద అనుకోరు.

థీసిస్ యూనివర్సిటీ రిపాజిటరీలో అందరికీ కనిపించేలా పెడతారు. శుభ్రం చేసిన లెక్కల పట్టికనీ కోడునీ 4టీయూ డేటా ఆర్కైవ్‌లో పెట్టండి, తరవాత బ్యాచ్ అదే స్టాండులో మళ్ళీ లెక్కపెట్టగలుగుతుంది. మున్సిపాలిటీలో సైకిళ్ళ వ్యవహారం చూసేవాళ్ళకి తొంభై పేజీలు పంపితే తెరవరు. డచ్‌లో ఒక్క పేజీ, ఒక్క బొమ్మ, పైన ఒకటే వాక్యం: బోర్డు ఖాళీ చూపించిన వేళల్లో ఇంతమంది వెనుతిరిగారు, కింది అరల్ని బ్యాటరీ సైకిళ్ళకి వదిలిపెడితే బాగుంటుంది. ఫలితాలు పంపమని ఈమెయిల్ ఇచ్చినవాళ్ళకీ అదే పేజీ పంపండి. పంపిన రోజే ఆ ఈమెయిళ్ళ ఫైలు తీసేయండి, హెచ్‌రెక్‌కి ఇచ్చిన ప్లానులో ఆ తేదీ రాసింది మీరే.